సగం మాటల పిల్లాడు

కాల్నా బజారు వీధిలో నిత్యరంజన్ బాబు హోమియో గది. పొద్దుటి వాన అప్పుడే వెలిసింది. డాక్టరుకి ఎదురుగా బెంచీ మీద ఝర్ణ, పక్కన ఆమె కొడుకు బిల్టూ, పన్నెండేళ్ళవాడు.

"చివరిదాకా వినడు డాక్టర్ బాబూ. అదే వీడి జబ్బు. ఎవరేం చెప్పినా సగంలో లేచిపోతాడు."

"నేను వింటూనే ఉన్నాగా!"

"ఏం విన్నావురా? డాక్టర్ బాబు ఇప్పుడేమడిగారు?"

"ఏ పక్కకి తిరిగి పడుకుంటానని."

"అది ఎప్పటి ప్రశ్న! ఆ తర్వాత నాలుగు అడిగారు."

"పోనీలే తల్లీ. నాలుగు స్టేషన్లు వెనకున్నా బండి పట్టాల మీదే ఉంది. ఒరేయ్ బిల్టూ, ఆ గాజు కుప్పె దించు. పగిలితే అది మా నాన్న కాలంనాటిది, మళ్ళీ దొరకదు."

"ఇందులో ఏముంది డాక్టర్ బాబూ?"

"దించితే చెబుతా. నన్ను బాబూ గీబూ అనకు. నీ తాత వయసు నాది, దాదూ అను."

"దాదూ, మీ ఫ్యాను టకటకమంటోంది."

"నా మోకాళ్ళూ అంతే. అమ్మా, నువ్వు చెప్పు. దాహం ఎలా ఉంటుంది వీడికి?"

"ఉంటుంది. కానీ నిలబడే తాగుతాడు, సగం చొక్కా మీదే."

"భయాలు? చీకటి, కుక్కలు, ఉరుములు?"

"కుక్కలతోనే ఆడతాడు. ఉరిమితే గంగ ఒడ్డుకి పరిగెత్తి చూస్తాడు."

"తిండి? ఉప్పా, తీపా?"

"ఉప్పు, పులుపు. చేపంటే ప్రాణం ఉండేది. ఇప్పుడు తన ముక్క నా కంచంలో పడేసి లేచిపోతాడు."

"లేచిపోను. నిలబడతా."

"అదొకటి. నేను తినేదాకా గుమ్మంలో బొమ్మలా నిలబడతాడు. రోజు మొత్తం మీద వీడు కదలకుండా ఉండేది అప్పుడే. మిగతా అంతా కాలు గాలిన పిల్లే."

"అమ్మకి చేప ఇష్టం దాదూ."

"నిన్నడగలా. ఇంకో సంగతి డాక్టర్ బాబూ, బడినించి వచ్చేటప్పుడు వీధి మొదట్లోంచే కేకలు. పాటలు, ఈలలు, కర్రతో కంచెలన్నీ టపటపా కొట్టుకుంటూ వస్తాడు. చుట్టుపక్కలవాళ్ళు తిడుతున్నారు. ఇదివరకు పిల్లిలా వచ్చి వెనకనించి నా కళ్ళు మూసేవాడు."

"బళ్ళో ఏమంటున్నారు?"

"హాజరు పిలిచినప్పుడే ఉంటాడు, తర్వాత క్లాసులో మనిషి లేడన్నారు. కలకత్తాలో పెద్దాసుపత్రిలో చూపించమన్నారు. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పారు, నాకు నోరు తిరగలా."

"చూపించు. నేను వద్దనను. నాకు చేతనైంది నేను చేస్తా, వాళ్ళకి తెలిసింది వాళ్ళు చూస్తారు. సరే, ఇది చెప్పు. ఎప్పట్నుంచి ఇలా?"

"చిన్నప్పట్నుంచీ..."

"చిన్నప్పుడు బానే ఉండేవాణ్ణి."

"నోర్ముయ్."

"అమ్మా, మాకు ఈ ఒక్క ప్రశ్నే పునాది. ఈ పిల్లాడు చివరిసారి బాగా ఉన్నదెప్పుడు?"

"రథయాత్రప్పుడు బానే ఉన్నాడు. అప్పడాలు తిన్నాడు, జిలేబీ తిన్నాడు. తర్వాతే..."

"తర్వాత ఏం జరిగింది ఇంట్లో?"

"ఏం జరుగుద్ది? ఏం జరగలా."

"నేను బయటికి పోతా. బయట మరమరాల బండి వచ్చింది."

"కూచోరా! చూశారా? చూశారా? మాట సగంలో..."

"పోనీ. ఒరేయ్, ఆ బండివాడికి నా పేరు చెప్పు. పచ్చిమిరపకాయ తక్కువ వెయ్యమను. మెట్ల మీదే కూచో."

"కూచుంటా దాదూ. కూచోలేకపోతే నిలబడతా."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పు తల్లీ. వాళ్ళ నాన్న ఏం చేస్తాడు?"

"తాపీ పని. కేరళలో."

"వస్తుంటాడా?"

"వస్తాడు. దుర్గా పూజకి వస్తాడు."

"మొన్న పూజకి వచ్చాడా?"

"సెలవు దొరకలా."

"ఫోను?"

"చేస్తాడు."

"కొడుకుతో మాట్లాడతాడా?"

"వీడే మాట్లాడడు. 'నాన్న ఫోనురా' అంటాను. అంతే, చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోతాడు. తండ్రంటే అంత ప్రాణం ఉన్నవాడు. కోపమేమో మరి."

"ఎందుకు కోపం?"

"ఏమో. నాకేం తెలుసు."

"ఇలా చూడమ్మా. నా దగ్గర అబద్ధం చెబితే పాపం రాదు, మందు తప్పిపోతుంది. అంతే. నీ చేతులకి ఈ ముత్తయిదువ శంఖు గాజులు పెళ్ళిలో ఎలా ఎక్కించారో గుర్తుందా?"

"ఉంది. సబ్బు రాసి, నేను ఏడుస్తుంటే..."

"మా ఆవిడకీ అంతే. మళ్ళీ ఊడి రాలేదు, వాటితోనే చితి ఎక్కింది. నీవేమో నువ్వు చెయ్యి ఎత్తితే మోచేతి దాకా జారుతున్నాయి. ఇవి పెళ్ళినాటివి కావు. రోజూ తీసి, రోజూ వేసుకునే గాజుల్లా ఉన్నాయి తల్లీ."

"తలుపు... ఆ తలుపు దగ్గరగా వెయ్యండి డాక్టర్ బాబూ."

"వేశాను. ఏడ్చెయ్యి. పర్లేదు. ఈ బెంచీకి అలవాటే."

"పోయాడు. శ్రావణంలో. పరంజా మీదినించి పడ్డాడు. మా మరిది పరేశ్ వెళ్ళేసరికే అంతా అయిపోయింది. అక్కడే దహనం చేసొచ్చాడు. నిప్పు పెట్టాల్సినవాడు ఇక్కడ టైఫాయిడు జ్వరంతో మంచం మీదున్నాడు. ఎట్లా చెప్పను? జ్వరం తగ్గాక చెబుదామనుకున్నా. తగ్గాక పరీక్షలొచ్చాయి. పరీక్షలయ్యాక పూజలొచ్చాయి, పిల్లలందరూ కొత్త బట్టలు కట్టుకు తిరుగుతుంటే నా నోరు రాలా. ఈలోపు వీడిలా అయిపోయాడు."

"కర్మకాండ?"

"మా మరిది వాళ్ళ ఊళ్ళో. వీణ్ణి మా అక్క దగ్గరికి పంపి చేశాం."

"మీ వీధిలో తెలుసా?"

"అందరికీ తెలుసు, వాడికి తప్ప. నోట్లో నువ్వుగింజ నానని మా పిన్నత్త కూడా పెదవి కుట్టుకుంది. వాడు బడికెళ్ళగానే గాజులు తీసి పెట్టెలో పెడతా, పాపిట్లో సిందూరం కడుక్కుంటా. మా అత్తగారి ముందు అలా ఉండాలి. వాడి కేక వినపడగానే మళ్ళీ పెట్టుకుంటా."

"ఫోను మాటలు?"

"ఉత్త ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడతా. 'అన్నం తిన్నారా, అక్కడ వానలున్నాయా' అంటా. వాడు నిజంగా వచ్చి ఫోను లాక్కుంటే ఏం చెయ్యాలో తెలీక వణికిపోతా. వాడే పారిపోతాడు. ఆ ఒక్క విషయంలో దేవుడు నా పక్కనున్నాడు."

"ఊ."

"సిగ్గు విడిచి చెబుతున్నా డాక్టర్ బాబూ. అద్దం ముందు సిందూరం పెట్టుకున్న ఆ కాసేపు నాకే అనిపిస్తుంది, ఉన్నాడేమో, పూజకి రాలేదంతే, వచ్చే పూజకి వస్తాడేమోనని. వాడికి చెప్పిన రోజు ఆయన నాకు కూడా చచ్చిపోతాడు."

"అయినా చెప్పాలమ్మా."

"చెబుతా. చెప్పనన్నానా? ముందు వాడి మనసు కుదుట పడనివ్వండి. ఇట్లా ఉన్నవాడికి చెబితే ఏమైపోతాడో! అందుకేగా మీ దగ్గరికి తెచ్చింది. మీ మందుకి తగ్గనివ్వండి. తగ్గిన రోజే చెబుతా. కాళీమాత మీద ఒట్టు."

"నా మందుకి అంత బరువు పెట్టకు తల్లీ. సరే, వాణ్ణి లోపలికి పంపించు. నువ్వు మెట్ల మీద కూచో. వాడితో ఒక్కడితో మాట్లాడాలి."

"చెప్పేస్తారా?"

"చెప్పను. అది నువ్వు చెయ్యాల్సిన పని. డాక్టర్లు చేసేది కాదు."

"బిల్టూ! లోపలికెళ్ళు. కుదురుగా కూచోవాలి, సరేనా?"

"రారా. మరమరాలు నాకేమన్నా మిగిల్చావా?"

"ఇదిగో దాదూ. కొబ్బరిముక్క మీకే ఉంచా."

"బతికించావు. బిల్టూ, మీ నాన్న..."

"మీ గడియారం ఆగిపోయింది."

"ఆగనీ. మీ నాన్న..."

"ఈ బల్లకి చెద పట్టింది దాదూ. ఇదిగో, కింద. మందు కొట్టించాలి."

"'మీ నాన్న' అన్నప్పుడల్లా నా గదిలో ఏదో ఒకటి పాడైపోతోందే. సరే, ఆ మాట ఎత్తను. వేరేది అడుగుతా. వీధి మొదట్లోంచి కేకలెందుకు?"

"ఊరికే."

"గొంతు నొప్పి పుట్టదూ?"

"పుడుతుంది. అమ్మకి వినపడాలిగా."

"ఎందుకు వినపడాలి?"

"టైం కావాలి కదా."

"దేనికి?"

"పెట్టుకోడానికి."

"ఏం పెట్టుకోడానికిరా?"

"మీకు తెలుసు దాదూ. ఇందాక అమ్మ ముక్కు చీదింది. మెట్ల దాకా వినపడింది. మాటలు వినలేదు. చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నా."

"ఎప్పుడు చూశావురా?"

"ఒకరోజు బడి తొందరగా వదిలేశారు. కళ్ళు మూద్దామని చప్పుడు చెయ్యకుండా వెళ్ళా. అమ్మ బోరింగు దగ్గర అంట్లు తోముతోంది. చేతులకి ఏం లేవు. పాపిట్లో ఏం లేదు. నేను అట్లాగే వెనక్కి నడుచుకుంటూ వీధి చివరికెళ్ళిపోయి, పాట పాడుతూ మళ్ళీ వచ్చా. అప్పటికి అన్నీ పెట్టేసుకుంది."

"అయితే నీకు తెలుసు."

"తెలీదు! నాకెవరూ చెప్పలేదు. ఎవరన్నా 'ఒరే బిల్టూ' అని మెల్లిగా మొదలుపెడితే లేచిపోతా. మాస్టారూ అంతే, జాలిగా చూసి మొదలుపెట్టబోతారు. అందుకే కిటికీలోంచి చూస్తా. చెప్పనంతవరకు తెలియనట్టే కదా?"

"మరి ఫోను?"

"అటుపక్క ఎవరూ ఉండరు. నేను తీసుకుంటే పాపం అమ్మ ఏం చేస్తుంది?"

"ఎందుకురా నాయనా ఇదంతా మోస్తున్నావు? ఏడుపు రాదూ నీకు?"

"వస్తుంది. గంగ దగ్గర ఏడుస్తా. వానలో అయితే తెలీదు. దాదూ, మా అత్తయ్యని మీరు చూడలేదు. మామయ్య పోయాక తెల్లచీర కట్టించారు. పెళ్ళిళ్ళలో మూల కూచోబెడతారు. చేప ముట్టనివ్వరు. పప్పన్నం, అరటికాయ కూర, అంతే. నేను గుమ్మంలో నిలబడితే అమ్మ చేప తింటుంది. నేను చూస్తున్నానని తినాలి కదా. బామ్మ కూడా ఏమనలేదు."

"ఈ రోజుల్లో ఎవరూ అంత పట్టించుకోవట్లేదురా. మీ అమ్మ ఎర్రచీర కట్టుకుంటే కాదనేవాడెవడు?"

"మా బామ్మ. పిన్నత్త. వీధంతా. అమ్మ కూడా."

"అలసిపోవట్లేదూ?"

"బాగా అలసిపోతున్నా దాదూ. లెక్కలు వినాలని ఉంటుంది. నాకు లెక్కలు వచ్చు."

"బిల్టూ! కుదురుగా కూచున్నావా?"

"లేదమ్మా!"

"ఒరేయ్, ఇందాకట్నుంచి నువ్వు కాలు కూడా ఊపలేదు."

"మెల్లిగా దాదూ, అమ్మకి వినపడుద్ది. నాకు మందిస్తారా?"

"ఇవ్వాలిగా. ఉత్త చేతులతో పంపిస్తే మీ అమ్మ ఊరుకుంటుందా? ఇలా చూడు. ఇవి వట్టి పంచదార గుళికలు, ఏ గుణమూ లేదు. ఈ చిన్న బుడ్డిలోంచి ఒక చుక్క పడితేనే మందవుతాయి. అరచేతి మీద ఇలా తట్టాలి..."

"దాదూ, ఆగండి."

"ఏం?"

"నాకు తగ్గిన రోజున చెప్పేస్తానని అమ్మ పరేశ్ బాబాయితో అంది. అప్పుడు చెవులు మూసుకోడం ఆలస్యమైంది. గుళికలు ఇవ్వండి, అమ్మ ముందే రోజూ వేసుకుంటా. ఆ చుక్క మాత్రం వెయ్యకండి దాదూ."