‘వర్క్స్’కు భూతకాలం

1987లో ఒక సాయంత్రం, సిద్దిపేటలో ఇంగ్లీషు లెక్చరరైన తమ్ముడి దోస్తులు చాయ తాగి వెళ్లారు. అక్క కప్పులు తీయకుండా అతని ఎదుట కూర్చుంది.

“నన్ను చూపి ‘షి వర్క్స్ హియర్’ అన్నవు. అంటే ఏంది తమ్మీ?”

“ఈడ పనిచేస్తదని.”

“అక్క అని చెప్పనీకి నోరు రాలేదా?”

“వాళ్లు పెద్దోళ్లక్కా. ఏదో మాట జారింది.”

“నిన్ను చదివించెతందుకు పదేండ్లు బీడీలు చేసిన. ‘పనిచేసింది’ అని ఎట్లంటరు?”

“వర్క్‌కు చివర ‘ఈ, డీ’ చేరిస్తే వర్క్‌డ్ అయితది. ఎందుకు?”

“రేపు వాళ్లు నేనేదని అడుగుతరు గద. గట్లనే చెప్పు.”

అక్క లేచింది. బట్టల సంచి తీసుకుని గజ్వేల్ బస్సుకు బయలుదేరింది. గేటు దాకా వెంట వచ్చిన తమ్ముడు, పక్కింటాయన కనబడగానే ఆమెను పిలవకుండా ఆగిపోయాడు.