మెట్లు లేని ఇల్లు

హలో… ఆ, నేనే. వికారాబాద్‌లనే ఉన్న, ఆఫీసు బయట.

…వచ్చింది. ఇంటి పర్మిషన్ వచ్చింది.

అయ్యో, జర ఆగుండ్రి… బండల యార్డు షెహబాజ్ భాయ్‌ని అప్పుడే పిలుస్తరేంది? మిఠాయి గిట్ల తెప్పియ్యకుండ్రి. బిందు నాయినా, ముందుగల నా మాట వినుండ్రి.

కాగితం చేతులనే ఉంది. సంతకం ఉంది, ముద్ర ఉంది… పేరు నాదే. ఇల్లే మనది కాదు.

…పరాచికం కాదు.

బిందు గ్రాఫు కాగితం మీద నేను గీస్తి కదా, మీ చక్రాల కుర్చీ పెట్టి ఒక్కో తలుపు కొలిచి… అది కాదు ఇది. ముంగట వదలాల్సిన జాగల ర్యాంపు వస్తుందని రెండుసార్లు వాపస్ పంపిరి. మూడోసారి మన ఇంజనీరు శ్రీహరి ర్యాంపే తీసేసి మెట్లు గీసి పెట్టిండు.

…ఇంకా ఉంది. "అమ్మా, మీరు గడపలు మరిచిండ్రు, గడప లేకుంటె అరిష్టం, నేనే పెట్టిన" అంటడు. నవ్వుకుంట.

…ఆ, అన్ని తలుపులకు. బాత్రూముకు గుడ.

అడగకుంట ఉంటనా? "సార్ క్వారీల పడ్డడని, నడవలేడని నాకెవరు చెప్పిండ్రు?" అన్నడు.

…లేదు. నేను చెప్పలేదు. ప్లాను చూస్తె తెలుస్తదనుకున్న.

…ఆఫీసుల పెద్దసార్‌ను గుడ కలిసిన. కూసోమన్నడు, నీళ్లిచ్చిండు. ర్యాంపు గీస్తె మళ్లీ వాపసే అన్నడు. ఇల్లు వెనకకు జరపనీకి జాగ యాడిది మనకు?

…తెలుసు. కాగితం మీద ఒకటి, కట్టేది ఒకటి. అందరు గట్లనే కడ్తరు. మొన్న ప్లానుల లేదని ఎదురింటి మార్తోళ్ల అరుగు మిషన్ పెట్టి కూలగొట్టంగ మీరు కిటికీలకెల్లి చూడలేదా?

…ఏమన్నరు?

…"నలుగురు ఎత్తుకుంటరులే" అనకుండ్రి. ఆ మాట నాతోని అనకుండ్రి.

…ఆ బండలా? …భాయ్ యార్డుల ర్యాంపుకని మీరు ఏరి పెట్టినయా, చక్రం జారకుంట, పాలిష్ లేనియి…

…అమ్ముకోమనుండ్రి.

తిన్నరా? …సరె, తాండూరు బస్సు వస్తుంది. పెడ్త.

…ఇప్పుడెందుకది?

…మూడు. వాకిట్ల మూడు మెట్లు.

హలో… బిందు నాయినా?

…హలో?