ఆమె నీకు ఏమైతది?

హలో… ఆ, నేనే. ప్రణీతనే పెద్దమ్మా. ఇనవడుతుందా?

— జర ఆగు, బయటికొస్త. లోపల మైకు మోగుతున్నది… ఆ, ఇప్పుడు చెప్పు. ఎక్కడున్నవ్?

… పిల్లల హోమ్ కాడనా? లోపలికి రానిచ్చిన్రా?

— పోనీలే. గేటు కాడ నిలబెట్టకుండ కూసోబెట్టిందంటే ఆ మేడమ్ మంచిదే. ఎంతసేపు అన్నది?… పది నిమిషాలా. సరే, తొందరగ మాట్లాడుకుందం. అక్షత ఏది?… నీ ఒళ్లనే ఉందా.

… అన్నం తింటలేదా. ఎన్ని దినాలసంది?…

— ఏడ్వకు. నువ్వేడిస్తే నిన్ను చూసి అది ఇంక ఏడుస్తది. ఏడేండ్ల పిల్ల, దానికేం తెలుస్తది. కొంగుతోని మొఖం తుడుసుకో.

… నేనా? జహీరాబాద్‌లనే ఉన్న. నీతోని అబద్ధమెందుకు. హైవే పక్కన ఫంక్షన్ హాల్ల. కోహీర్, రాయికోడ్ అంగన్‌వాడీ టీచర్లందరినీ పిలిచిన్రు. కొత్త రూల్సు నేనే చదివి అర్థం చేపియ్యాలె… ఆ, అవే. నీ కాడికెళ్లి అక్షతను తీస్కపోయిన రూల్సే.

… వస్తే ఐదు నిమిషాలు, ఆటో ఎక్కితే. కానీ రాను పెద్దమ్మా.

— కోపం చేయకు, ఇను. నేనొచ్చి ఆ గేటు కాడ నిలబడితే, హైదరాబాద్ పెద్దాఫీసు నుంచి మనిషొచ్చి జబర్దస్తీ చేసిందని రాసుకుంటరు. నీ కాగితం ఆడికాడికే ఆగుతది. నిన్న మా సార్‌ను గూడ అడిగిన, జగన్‌మోహన్ సార్‌ను. ఈ ఒక్క పిల్లకు ఏమన్న మినహాయింపు ఇద్దమా సార్ అని. "నువ్వే రాసి నువ్వే దాటుతవా ప్రణీతా" అన్నడు. ఫైలు మూసుకోని బయటికొచ్చిన.

… దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటవా? ఈడ ఆ పూజారిని గూడ నేనే పెద్దమ్మా. నేనే ఇయ్యలేకపోతున్న.

… మళ్ల చెప్పాల్నా? సరే. మొదటికెళ్లి చెప్త. బడిల చేర్పిచ్చెటప్పుడు ఒక ఫారం ఇచ్చిన్రు గదా. దాంట్ల, పిల్లకు మీరేమైతరు అని ఒక గడి ఉంటది. నువ్వు ఏం రాయించినవ్?… ఆ. పెద్దమ్మ అని.

— ఎరుకే, నాకెరుకే. పక్కింట్ల ఉన్న దేవమ్మ నిన్ను అక్కా అని పిలిచింది, దాని బిడ్డ అక్షతకు నువ్వు పెద్దమ్మవైనవ్. మన ఊర్లల్ల గదే లెక్క. నాకూ నీకూ మాత్రం ఏం చుట్టరికమున్నది? సర్వేకొచ్చిన నాడు ఇంత జొన్నరొట్టె పెట్టినవ్, ఆ పూటకే నాకు పెద్దమ్మవైనవ్.

… అవు. కానీ బడి టీచర్ దేవమ్మ ఆధార్ చూసింది, నీది చూసింది. ఊర్లు వేరె, తండ్రి పేర్లు వేరె. పైకి రాసింది. ఎంక్వైరీకి వచ్చినోళ్లు, చచ్చిపోయిన దేవమ్మ మీకు సొంత చెల్లెలా అని అడిగిన్రు. నువ్వు కాదన్నవ్. అంతే, తప్పుడు చుట్టరికం చెప్పిందని రాసి పిల్లను తీస్కపోయిన్రు.

— నువ్వు అబద్ధం చెప్పినవని నేనంటనా? అనను. వాళ్లను గూడ తిట్టకు. వాళ్లు చెడ్డోళ్లు కాదు. చేతిల ఉన్న పుస్తకం చూసి చేసిన్రు.

… పుస్తకం ఎవరు రాసిన్రంటే… ఆ మాట నేనే రాసిన.

… ఆ, నేనే. పదకొండో పేజీల ఉన్నది. ఉత్త వరస చాలదు, రక్తసంబంధం కాగితంతోని రుజువైతేనే పిల్లను అప్పజెప్పాలె అని.

— తిట్టు. తిట్టు పెద్దమ్మా, పడత. కానీ ఒక్కటి యాదికి తెచ్చుకో. ఆ సర్వే నాడు రొట్టె తింటుంటే నువ్వు నాకేం చెప్పినవ్? చెరుకు కొట్టెటోళ్ల బిడ్డ ముచ్చట. వాళ్లు చేన్ల ఉండంగ లారీల ఎవడో వచ్చిండు, పిల్లకు మేనమామనన్నడు, ఊరంత నమ్మి చేతిల పెట్టి పంపింది… ఆ పిల్ల ఇయ్యాల్టిదాక దొరకలే. వరస చెప్పినోనికల్ల పిల్లను ఇయ్యొద్దని జర గట్టిగ రాయి బిడ్డా అన్నవ్. నా చెయ్యి పట్టుకోని అన్నవ్.

… రాసిన. గట్టిగనే రాసిన. ఎంత గట్టిగ రాసినంటే, దాంట్ల నువ్వే పట్టలే.

…

… నీ తప్పెట్లయితది. నువ్వు మంచికే చెప్పినవ్. నేను మంచికే రాసిన. మరి ఎవరిదంటే నాకు తెల్వది పెద్దమ్మా. నిజంగ తెల్వది.

— మార్సొచ్చు. మార్చాలని ఫైలు గూడ పెట్టిన. కానీ అది నాలుగు టేబుళ్లు దాటాలె, పై వాళ్లు సంతకం పెట్టాలె, మళ్ల అచ్చు కావాలె. ఏడాది అనుకో… అందాక పిల్ల ఏడుంటది అంటే, గదే చెప్పొస్తున్న.

రేపు పిల్లల సంగతి తేల్చే కమిటీ కూసుంటది. అక్షతను ఒక్కదాన్నే లోపలికి పిలుస్తరు. నీ పేరు చెప్పి, మహాదేవమ్మ నీకు ఏమైతది అని అడుగుతరు. మొన్న అడిగితే ఏమన్నదో నీకెరుకనా?… అమ్మ అన్నది.

… అవు పెద్దమ్మా. అమ్మ అనే అన్నది. నువ్వేమో పెద్దమ్మ అని రాయిస్తివి. అదేమో అమ్మ అనవట్టె. రెండు మాటలు కలుస్తలేవు, పిల్లకు ఎవరో నేర్పి పంపిన్రు అని వాళ్లు రాసిన్రు.

— ఎవరూ నేర్పలేదని నాకెరుక. ఆ మాట నేర్పితే వచ్చేదా.

… రేపు గూడ గదే అంటే బీదర్ దిక్కు పంపిస్తరు. దేవమ్మ పుట్టింది ఆడనే గదా. సొంత జిల్లా ఏదైతే పిల్లను ఆ జిల్లా హోమ్‌కే పంపాలె… ఆడ దానికి ఎవ్వరూ లేరు, నిజమే. అవ్వాతాతలు పోయిన్రు, తండ్రి ఏ దిక్కున్నడో తెల్వది. మనుషులు ఉన్నా లేకున్నా జిల్లా జిల్లానే. ఒకసారి రాష్ట్రం దాటిందంటే ఇంక మన చేతిల ఏం ఉండదు. నువ్వు చూడబోయినా చూడనియ్యరు. నేను ఫోన్ చేసినా ఎత్తరు.

… ఒక్క తొవ్వ ఉన్నది. చెప్త గాని, మధ్యల ఫోన్ పెట్టేయొద్దు.

ఫోస్టర్ కేర్ అంటరు. చుట్టరికం లేనోళ్లు, మేం సాకుతం అని అర్జీ పెట్టుకునుడు. అర్జీ నేను నింపి ఉంచిన. నువ్వు వేలిముద్ర పెడితే చాలు. కానీ దాంట్ల… నేను పిల్లకు పెద్దమ్మను కాను, ఏమీ కాను, అని ఉంటది. రేపు అక్షత గూడ గదే అనాలె. ఇద్దరి మాట ఒక్కటి కావాలె.

… హలో? పెద్దమ్మా?… ఉన్నవా?

— ఎరుకే. నాకెరుకే… దానికి జ్వరమొస్తే తొమ్మిది దినాలు దవాఖానల నేల మీద ఎవరు పన్నరో నాకెరుక. అల్లం చేనుకు కూలికి పోయినా చంకనేసుకోని పోయినవ్, ఎరుక. అది రాసెటానికి ఆ ఫారంల గడి లేదు పెద్దమ్మా. మూడుసార్లు చూసిన. నేను తయారు చేసిన ఫారమే, లేదు.

… అట్లంటే పక్కా ఇస్తరా అంటే, మాటియ్యలేను. అనకుంటే మాత్రం ఇయ్యరు.

… నువ్వు చెప్పలేవా దానికి?

… అవు. ఎట్ల చెప్తవ్ నువ్వు.

… దానికి ఫోనియ్యి. నేనే చెప్త. పిల్లలకు మాటలు నేర్పియ్యొద్దని ఇప్పుడే లోపల యాభై మంది టీచర్లకు చెప్పొచ్చిన. ఇయ్యి, ఫర్వాలేదు. నువ్వు లేచి జర అవుతల కూసో. ఇనకు.

… హలో, అక్షతా? నేను ప్రణీతక్కను. మీ ఇంటికొచ్చి రొట్టె తిన్న గదా… ఆ, అద్దాలక్క. అవు, అద్దాలక్కనే. ఏం చేస్తున్నవ్?… ఉప్మా పెడుతున్నరా. నాకు గూడ ఉప్మా నచ్చదు. అయినా జర తినాలె బిడ్డ.

ఇను. రేపు నిన్ను ఒక రూంలకు పిలుస్తరు. ఒక సారు ఉంటడు, ఇద్దరు మేడమ్‌లు ఉంటరు… కొట్టరు. ఎవ్వరూ కొట్టరు. ఒక్క మాట అడుగుతరు. మహాదేవమ్మ నీకు ఏమైతది అని. ఏం చెప్తవ్?

… గట్ల అనొద్దు.

… పెద్దమ్మ అని గూడ అనొద్దు బిడ్డ. నాకు ఏం కాదు, అనాలె. మా పక్కింటామె, నన్ను సాకుతున్నది, నాకు ఏం కాదు, ఆమె కాడ ఉంట. గంతే.

… అబద్ధం కాదు — అంటే… ఎట్ల చెప్పాలె నీకు. గట్ల అంటేనే ఇంటికి పంపిస్తరు. అమ్మ అంటే పంపరు.

… ఎందుకంటే ఒక పుస్తకంల గట్ల రాసి ఉన్నది… ఎవరో రాసిన్రు. పెద్దోళ్లు.

… లేదు లేదు, ఆమెకు నీ మీద కోపం లేదు. జరంత గూడ లేదు. ఏడుస్తున్నదా? ఏడ్వనీ, నువ్వు అటు చూడకు. ఇటు తిరుగు. ఒకసారి అను చూద్దం. ఆమె నీకు ఏమైతది?

… ఊఁ. ఇనవడలే. జర గట్టిగ.

…

… ఆ. గట్లనే. మళ్ల అడుగుత. మహాదేవమ్మ నీకు ఏమైతది?

… మంచిగ అన్నవ్… మంచిగ అన్నవ్ బిడ్డ. రేపు గూడ గిట్లనే అనాలె, తల వంచకుండ. మర్చిపోవు గదా?

— టైం అయిందా? మేడమ్ పిలుస్తున్నదా? సరే, సరే. అమ్మకు ఫోనియ్యి.

… ఏ అమ్మనా?

…

… అవుతల కూసున్నది గదా బిడ్డ… ఆ. ఆమెకే. ఆమెకు ఇయ్యి.

… హలో. పెద్దమ్మా… ఇన్నవా?… పెద్దమ్మా, పెట్టేయకు, నేను—