గంగాళంలో బెటాలియన్

నార్త్ కరోలినాలోని క్యారీలో తెలుగు సంఘం ఆరాధన ముగిసింది. సంఘపెద్ద కృపావరం కారు నడుపుతున్నాడు. పక్కన కొడుకు నోయెల్. అమెరికా సైన్యంలో, ఫిరంగులను విమానాల్లోంచి పారాచూట్లతో దింపి తామూ వెంట దూకే ఒక బెటాలియన్‌లో లెఫ్టినెంట్. వెనక సీట్లో, ఒళ్లో బిర్యానీ ట్రేతో, భార్య నవోమి.

“గంగాళం అంటే ఎంత గంగాళం?”

“పెద్దదే డాడీ. మన చర్చిలో క్రిస్మస్‌కి బిర్యానీ చేస్తారు కదా, అంత.”

“దాన్నిండా మందు.”

“మందు కాదు డాడీ. హిస్టరీ.”

“దానికి చాలా పేర్లు విన్నాను గానీ, ఇది కొత్త.”

“ఏవండీ, వాణ్ణి చెప్పనివ్వండి. చెప్పు కన్నా.”

“శనివారం మా బెటాలియన్ డిన్నర్ మమ్మీ. నేను హిస్టరీ చదువుతాను. ఒక్కో వార్ పేరు చదవగానే ఒకళ్లు లేచొచ్చి, ఆ కంట్రీది ఒక బాటిల్ తెచ్చి గంగాళంలో పోస్తారు. అన్నీ అయ్యాక అందరూ తలా ఒక కప్పు తాగుతారు. ప్రతి ఇయర్ ఉంటుంది. అందరికన్నా జూనియర్ ఆఫీసర్ చదవాలి. ఈ ఇయర్ నేను.”

“ముప్పై ఏళ్లుగా తాగుడు మీద ప్రసంగాలు చేస్తున్నవాణ్ణి. నన్నెందుకురా పిలుస్తావు?”

“మీరు తాగక్కర్లేదు. ఊరికే వచ్చి కూర్చోండి.”

“ఊరికే కూర్చున్నానని ఫొటో చెబుతుందా? మన సంఘంలో షెరిన్ వాళ్లాయన ఒక్క ఫొటో చూస్తే చాలు, వర్జీనియాలో హెర్న్‌డన్ సంఘం దాకా పాకుతుంది.”

“ఏవండీ, అసలు చరిత్ర ఏంటో వినండి ముందు.”

“చెప్పనీ. ఎక్కడ మొదలు?”

“ఇటలీ. నైన్టీన్ ఫార్టీ త్రీ. రెడ్ వైన్.”

“వైన్ సంగతి వద్దు. మీవాళ్లేం చేశారో చెప్పు.”

“నైట్ జంప్ చేశారు. అప్పట్లో గన్‌ని తొమ్మిది పార్టులుగా ఊడదీసి, ఒక్కోదానికి ఒక్కో పారాచూట్ కట్టి వదిలేవారంట. కిందికి దిగాక చీకట్లో అన్నీ వెతుక్కుని, బిగించి, ఫైర్ చేయాలి.”

“చేశారా?”

“వీల్స్ దొరకలేదు.”

“మరెప్పుడు దొరికాయి?”

“ఇంకా దొరకలేదు డాడీ.”

“నవోమీ, వింటున్నావా? ఎనభై ఏళ్లయింది.”

“చక్రాల్లేకుండా ఏం చేశారు కన్నా, పాపం?”

“రైఫిల్స్ పట్టుకుని ఫైట్ చేశారు. హిస్టరీలో, ‘బెటాలియన్ అందుబాటులో ఉన్న ఆయుధాలతో శత్రువును ఎదుర్కొంది’ అని ఉంటుంది.”

“బాగా రాశారు. ఫార్మాలో పాతికేళ్లు క్వాలిటీ కంట్రోల్ చేశాను. పాడైన బ్యాచ్ గురించి మేమూ ఇంత బాగా రాయలేదు.”

“నెక్స్ట్ ఫ్రాన్స్. షాంపేన్.”

“అక్కడికైనా చక్రాలు వెళ్లాయా?”

“గన్స్ మొత్తం కరెక్ట్‌గా దిగాయి డాడీ.”

“హమ్మయ్య.”

“మనుషులు వేరే ఊళ్లో దిగారు.”

“నవ్వకు నవోమీ.”

“నేను నవ్వలేదండీ. మీరే నవ్వుతున్నారు.”

“ఆ ఊరినే లిబరేట్ చేశారు. అంటే, ఆ ఊరివాళ్లు పొద్దున్నే జర్మన్స్‌ని తరిమేసి భోజనానికి కూర్చున్నారంట. వీళ్లని కూడా కూర్చోమన్నారు.”

“అదెలా రాశారు?”

“‘స్వల్ప ప్రతిఘటన.’”

“స్వల్ప ప్రతిఘటన! ఇదా మీ చరిత్ర? దీనికా గంగాళం?”

“నెక్స్ట్ వీక్ ఆ ఊరి బ్రిడ్జి దగ్గరే పదకొండుమంది పోయారు డాడీ. వాళ్ల పేర్లు కూడా నేనే చదవాలి.”

“అప్పుడూ పోస్తారా కన్నా?”

“లేదు మమ్మీ. అప్పుడెవరూ కదలరు. కప్పు కూడా ముట్టుకోరు.”

“ఎవరైనా మనవాళ్లున్నారా వాళ్లలో? అంటే, ఇండియావాళ్లు?”

“అప్పుడెక్కడ్నుంచి ఉంటారు మమ్మీ? ఇప్పుడు కూడా నేనొక్కడినే. నా ఇంటిపేరు చదవడం వాళ్లకి ఇంకా రాలేదు.”

“అవేం మాటలు! స్తోత్రం అను. నీ పేరు ఎవరూ చదవక్కర్లేదు.”

“నేనన్నది రోజూ పిలిచే రోల్ కాల్ గురించి మమ్మీ.”

“ఏదైనా సరే.”

“సరే, తరువాత?”

“సౌదీ డాడీ. గల్ఫ్ వార్.”

“సౌదీలో మందెక్కడిది?”

“అందుకే ఇసుక పోస్తారు.”

“తాగే దాన్లోనా?”

“నిజం ఇసుకే. తరువాత వడకడతారు, ఒక సాక్స్‌లోంచి.”

“దేన్లోంచి?”

“సాక్స్. కొత్తదేలే డాడీ. చాలావరకు కొత్తదే.”

“పాతికేళ్లు, నవోమీ. పాతికేళ్లలో ఏ ల్యాబ్‌లోనూ సాక్స్‌తో వడకట్టడం చూడలేదు.”

“మీ ల్యాబ్ సంగతి సరే, ఎగ్జిట్ దాటిపోతుంది చూడండి. ఇంటికెళ్లాక క్రిస్మస్ స్టార్ దించాలి గ్యారేజీలోంచి. నోయెల్ ఉన్నాడు కదా, పని అయిపోతుంది.”

“వాడెందుకు? నేను తీస్తాను. ఆ షెల్ఫు జోలికి మీరెవరూ వెళ్లకండి, అంతా దుమ్ము.”

“సరేనండీ.”

“ఇంతకీ ఒరే, ఈ డిన్నరు ఎవరి పేరు మీద? పాస్టర్‌గారితో నువ్వేదో అంటుంటే విన్నాను. సెయింట్ ఎవరో.”

“సెయింట్ బార్బరా.”

“అదీ సంగతి! మందొకటే అనుకున్నాను, విగ్రహారాధన కూడా ఉందన్నమాట.”

“ఎవరూ పూజ చేయరు డాడీ. ఆర్టిలరీవాళ్లకి ఆవిడంటే ఒక ట్రెడిషన్. పాత స్టోరీ. ఆవిడ క్రిస్టియన్ అయ్యిందని వాళ్ల ఫాదరే చంపేశాడంట. వెంటనే పిడుగు పడి ఆయన పోయాడు. గన్ సౌండ్ పిడుగులా ఉంటుంది కదా, అందుకని.”

“చూశారా ఏవండీ, పిల్లల మాట వినని తండ్రి ఏమయ్యాడో!”

“వెనక సీటు ప్రసంగం ఆపు. నోయెల్, నేను రాను. వచ్చే ఏడాది నువ్వు జూనియర్‌వి కావుగా, ఇంకొకడు చదువుతాడు. అప్పుడొచ్చి ఓ మూల కూర్చుంటాను.”

“ఈ ఇయర్ రండి డాడీ.”

“వచ్చే ఏడాదికేమైంది?”

“ఈ ఇయర్ అయితే బాగుంటుంది.”

“అదేరా, ఎందుకని?”

“ఊరికే.”

“చూడు, నేనొక పని చేశాను. నీకు చెప్పలేదు. డిసెంబర్ చివరి ఆదివారం నువ్వు మన సంఘంలో బెటాలియన్ చరిత్ర చెబుతావని అనౌన్స్ చేసేశాను. సంఘంలో జెమీమా స్లైడ్స్ తయారుచేస్తానంది. గంగాళం కూడా పెడదాం, ద్రాక్షరసంతో. చక్రాల సంగతి మాత్రం వదిలెయ్.”

“లాస్ట్ సండే కుదరదు డాడీ.”

“క్రిస్మస్ సెలవులేగా?”

“కుదరదు.”

“అయితే న్యూ ఇయర్ ఆరాధనలో.”

“అప్పుడు కూడా.”

“గుడ్ ఫ్రైడే అను. ఈస్టర్ అను. కూతురి పెళ్లికి ముహూర్తం దొరకనట్టు… ఏదో ఒక ఆదివారం ఉండదా నీకు?”

“నేనిక్కడ ఉండను డాడీ.”

“నోయెల్?”

“ఏవండీ. గ్రీన్ పడింది.”

“ఎక్కడికి?”

“ఏవండీ, వెనక హారన్ కొడుతున్నారు.”

“కొట్టనీ. ఎక్కడికిరా?”

“చెప్పకూడదు డాడీ. కార్ పోనివ్వండి. ప్లీజ్.”

“ఎప్పుడు?”

“డిసెంబర్ సెకండ్ వీక్. కార్ పోనివ్వండి.”

“పోనిస్తున్నాను. పోనిస్తున్నాను కదా. నవోమీ, నీకు తెలుసా?”

“నాకెవరు చెప్పారు? మూడు రోజుల్నుంచి వీడు వద్దనకుండా తింటుంటే అనుమానం వచ్చింది.”

“సారీ మమ్మీ. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను.”

“దూకాలా, అక్కడ?”

“తెలీదు డాడీ.”

“దూకితే ఏముంది! వాడికి అలవాటేగా. మొదటిసారి దూకినప్పుడు మాత్రం నేను భయపడ్డానా? ప్రార్థన చేసుకుని నిశ్చింతగా పడుకున్నాను.”

“బాగా పడుకున్నారు.”

“దానికీ ఈ డిన్నర్‌కీ ఏంటి సంబంధం? అది చెప్పు ముందు.”

“బెటాలియన్ ఎక్కడికైనా వెళ్లే ఇయర్, హిస్టరీ చదవడం అయ్యాక లాస్ట్‌లో ఒక ఖాళీ బాటిల్ పెడతారు. వెళ్లబోయే ప్లేస్ కోసం. లేబుల్ పీకేసి ఉంటుంది. తిరిగొచ్చాక, అక్కడ ఏది దొరికితే అది దాన్లో నింపి తెచ్చి పోస్తారు. హిస్టరీలో ఆ లైన్ అప్పుడు రాస్తారు.”

“సరే, పెట్టుకోండి. నేనెందుకు?”

“చదివేవాడి మదరో ఫాదరో తెచ్చి పెట్టాలి. వాళ్లింటి నుంచి.”

“పెట్టకపోతే?”

“ఒక ఇయర్ పెట్టకుండా వెళ్లారంట. మావాళ్లు ఆ ఇయర్ గురించి మాట్లాడరు.”

“మూఢనమ్మకం.”

“అవును డాడీ.”

“పచ్చి మూఢనమ్మకం. మన ప్రాణాలు ప్రభువు చేతిలో ఉంటాయి గానీ సీసాలో ఉండవు.”

“అవును డాడీ.”

“వాక్యం తెలిసినవాడెవడూ ఇలాంటివి పట్టించుకోడు.”

“అవును డాడీ. మీకిష్టం లేకపోతే పర్లేదు. వేరే ఆఫీసర్ ఫాదర్‌ని అడుగుతాను. వర్జీనియా, షాంటిలీ నుంచి ఒకాయన వస్తున్నాడు.”

“ఎంత సైజుండాలి?”

“ఏంటి డాడీ?”

“సీసా. సైజు ఏమైనా ఉందా, ఏదైనా పరవాలేదా? కొబ్బరినూనె సీసా ఒకటి ఉండాలి మీ అమ్మ దగ్గర. కడిగితే పోతుంది.”

“విస్కీ బాటిల్ అయ్యుండాలి డాడీ. షాప్ నుంచి తెచ్చి పారబోస్తే ఒప్పుకోరు. ఇంట్లో ఖాళీ అయ్యింది కావాలి. అదే రూల్.”

“అయితే ఇక నేను చేసేదేముంది? రావడానికి నేను సిద్ధమే. ఫొటో తీసినా సరే. కానీ మోకాళ్ల ప్రార్థన మీద నిలబడిన కుటుంబంరా మనది, విస్కీ సీసా మనింట్లో ఎక్కడ్నుంచి వస్తుంది? నువ్వైనా చెప్పు నవోమీ, ఎక్కడ్నుంచి వస్తుంది?”

“గ్యారేజీలో, క్రిస్మస్ స్టార్ డబ్బా వెనక ఉంటుంది కన్నా. నువ్వు మొదటిసారి దూకిన రోజు సాయంత్రం కొన్నారు, దూకిన ప్రతిసారీ మూత తీస్తారు… ఏవండీ, అడుగున ఇంకా కొంచెం ఉంది, శనివారం లోపు కానివ్వండి.”