తాడు తెగ్గొట్టిన మధ్యాహ్నం

రెండు వేల నాలుగవ సంవత్సరం జూలై ఐదవ తేదీన మోటార్ల విభాగంలో సహాయ ఇంజనీరుగా ఈ పరిశోధనాలయంలో అడుగుపెట్టి, నేడు శిక్షణ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారికి, యువ పరిశోధకులు తమను చాటుగా 'దించేయమ్మ' అని పిలుచుకుంటారని ఎప్పుడో తెలుసు. గాలి కాస్త అటూ ఇటూ అయితే చాలు, ఎగురుతున్న రెక్కను "దించేయండమ్మా" అనడం మేడమ్ గారి అలవాటు.

తొలి ఎనిమిదేళ్లు వారు మోటార్లతోనే గడిపారు. మూడు వందల మీటర్ల ఎత్తున పెద్ద గుడ్డ రెక్కను ఎగరేసి, అది లాగే తాడుతో నేలమీది డ్రమ్మును తిప్పి విద్యుత్తు పుట్టించే బృహత్కార్యం ఇక్కడ ఆరంభమైనప్పుడు, ఆ డ్రమ్మునూ, కొత్తగా చేరే యువత శిక్షణనూ వారికే అప్పగించారు. మొదటి రోజే తాడు ముక్కను అందరి చేతికీ ఇచ్చి, "చిటికెన వేలంతే ఉంది కదా. దీన్ని పైనుంచి ఒక కారు బరువు లాగుతుంటుంది. మీదికొస్తే కనబడదు, తగిలాకే తెలుస్తుంది" అనేవారు.

ఆరవ బృందం శిక్షణలో ఉండగా జరిగిన ఉదంతాన్ని వారి అనుమతితోనే ఇక్కడ ప్రస్తావించడమైనది. ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి దిశ మార్చింది. రెక్క పక్కకు వాలడంతో తాడు నేలను ఒరుసుకుంటూ, కంచె దగ్గర గాలివేగం కొలిచే పరికరాన్ని సరిచేస్తున్న పరిశోధకుడి వైపు జరగసాగింది. అతను బోర్లా పడుకున్నాడు. తాడు తెగ్గొట్టే బటన్ మీద మేడమ్ గారి వేలు ఉంది. నొక్కితే నాలుగేళ్ల శ్రమ గాలిపాలు. ఆ లెక్క కూడా వారి మనసులో లేదు. వేలు కొయ్యబారిపోయింది.

పక్కన నిలబడ్డ అమ్మాయి చేరి మూడు వారాలైంది. "మేడమ్, కోసేయనా?" అంది. తాడు ఇంకా దగ్గరికి జరిగింది. "కోసేస్తున్నా మేడమ్" అని ఆ వేలి మీదే తన వేలు పెట్టి నొక్కింది.

తాడు సడలి అతని వీపు మీద మెత్తగా పడింది. అప్పటికే తాడు తగిలి పక్కనున్న ఇనుప కంబం రెండుగా వంగిపోయి ఉంది.

విచారణలో డైరెక్టర్ గారు, "రెక్క పోగొట్టిందెవరు?" అని అడిగారు. అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ గారు లేచి నిలబడ్డారు.

"నొక్కాల్సింది నేను సార్. భయానికి నా చెయ్యి కదల్లేదు. ఈ పిల్ల లేకపోతే మనమిప్పుడు ఆ అబ్బాయి వాళ్ళమ్మకి ఫోన్ చేస్తుండేవాళ్ళం."

నాటినుంచి నిన్న చేరినవారైనా సరే, ఎవరినీ అడక్కుండా ఆ బటన్ నొక్కవచ్చన్నది ఇక్కడి నియమం. తొమ్మిదిసార్లు నొక్కారు. ఏడుసార్లు అనవసరంగానే. మేడమ్ గారు ఒక్కరినీ పల్లెత్తు మాట అనలేదు. ప్రతి కొత్త బృందానికీ తన చెయ్యి కదలని సంగతే తొలి పాఠంగా చెప్పారు. రెక్క లేచిన ప్రతిసారీ వారి అరచేతులు చెమర్చేవి. దిగాక పిల్లల తలలు రెండుసార్లు లెక్కపెట్టుకునేవారు.

ఇంట్లో భోజనాల వేళ కిటికీ తెర కదిలితే చాలు, వారి చేతిలోని ముద్ద ఆగిపోతుందని వారి శ్రీవారు చెప్పారు. ఇకపై ఆ తెర కదిలినా కంచం మీదినుంచి చూపు ఎత్తనంత నిశ్చింతతో, నిండైన ఆరోగ్యంతో, మేడమ్ గారు నూరేళ్లు చల్లగా ఉండాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.