మొదటి బంతి పడేదాకా

శాన్ పెద్రోలో చక్కెర మిల్లు వెనక వీధి, మంగలి చేపే షాపు అరుగు. బేస్‌బాల్ ఆట మొదలవడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. అరుగు మీద కూర్చున్న ఎవరిస్తో అనే పెద్దాయన, బంతి విసిరే పిచర్లలో ఎవరి పేరు చెబితే ఆ వీధంతా వాడి మీదే పందెం కాస్తుంది. ఒడాలిస్ వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఇంకే పేరైనా చెప్పుకో అన్నా. మా ఆనెల్ పేరు మాత్రం చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళెందుకు పట్టుకోవడం, లే, లే! ఇదేం కోరిక ఒడాలిస్? ఇవాళ మన జట్టుకి ఆట మొదలుపెట్టే పిచర్ నీ కొడుకు. ఇంకో తల్లయితే ఈపాటికి వీధంతా తిరిగి చాటుకునేది."

"ఇంకో తల్లి మొగుడు రుఫీనో కాదుగా."

"సరేలే."

"చూశావా, ఆ పేరెత్తితే చాలు, మాట దాటేస్తావు."

"దాటెయ్యనూ మరి? నేనక్కడే ఉన్నాను ఆ రోజు. మూడో వరసలో. ఆ చప్పుడు..."

"చెప్పకు."

"ఎండుపుల్ల విరిచినట్టు పుటుక్కుమంది. బంతి ఎటో పోయింది, చెయ్యి ఇలా..."

"చెప్పొద్దంటున్నానా! నా చప్పుడు నాకు చాలు."

"నీకేం చప్పుడు?"

"గోడ చప్పుడు. కుడిచెయ్యి పోయాక, పొద్దు వాలేసరికి ఎడమచేత్తో పెరటిగోడకేసి బంతి కొడుతుండేవాడు కాదూ? దబ్, దబ్ అని. పడవెక్కి చేపలకెళ్ళిన మనిషి తిరిగి రానేలేదు. అయినా ఇప్పటికీ కొడుతున్నాడన్నా. పొయ్యి మీది అరటికాయలు మాడిపోతున్నా వదిలేసి వెళ్ళి చూస్తాను. ఎవరూ ఉండరు."

"ఆనెల్‌కి వినపడుతుందా?"

"అడగలేదు. అవునంటాడేమోనని భయం."

"ఎవరిస్తో! ఏమిటా గుసగుసలు? పందేల కొట్టు దగ్గర జనం టికెట్లు కొనకుండా నీ కోసమే నిలబడ్డారు. ఆనెలా, కాదా? ఏదో ఒకటి తేల్చు!"

"ఆగవయ్యా చేపే, నిలబడనీ! నువ్వు లోపల ఆ గడ్డం సంగతి చూడు, ఎవడి చెవో కోసేస్తావ్."

"కోసినా కుట్టడం తెలుసులే నాకు! నువ్వు పేరు చెప్పు ముందు!"

"చెప్పకన్నా. ఏం, నీకు దొరక్క దొరక్క మా వాడే దొరికాడా? నిన్నగాక మొన్న మైదానంలోకి వచ్చినవాడు. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ."

"అందుకే దొరికాడు. ఇన్నేళ్ళు ఈ వీధిలో ఉండి నీకిది అర్థం కాలేదా? గెలిచే పిచర్ వేరు, మనకి డబ్బు తెచ్చే పిచర్ వేరు. రాజధాని జట్టులో ఆ పొడుగాడున్నాడు చూడు, పదాటల్లో ఏడు గెలుస్తాడు. పేపర్లో బొమ్మ, పిల్లకాయల చొక్కాల మీద పేరు. కానీ వాడి మీద వంద కాస్తే వచ్చేది నలభై. మూడు ఓడితే ఆ గెలిచిన ఏడూ తుడిచిపెట్టుకుపోతాయి. అలాంటివాడికి దండం పెట్టుకోవచ్చు గానీ డబ్బు పెట్టకూడదు."

"మా వాడికి పెట్టొచ్చా?"

"వాడు ఆరు ఓడి నాలుగు గెలిచినా చాలు, వందకి దగ్గర దగ్గర రెండొందలిస్తున్నారు. ఎందుకూ? చెయ్యి విరిగినోడి కొడుకు, వీడి చెయ్యెంతకాలం ఉంటుందిలే అని అందరికీ చిన్నచూపు. ఎవరూ నమ్మనివాడి దగ్గరే మనకి లాభం ఉంటుంది. రుఫీనో కూడా అంతే. ఎన్నెన్ని ఓడాడు! కానీ రుఫీనో తెచ్చినంత లాభం ఈ వీధికి ఇంకే పిచరూ తేలేదు. ఈ అరుగు సిమెంటు ఆయన పెట్టిందే అనుకో."

"మేకని తూచినట్టు తూచారు ఆయన్ని."

"ప్రేమగానే తూచాం ఒడాలిస్."

"మేకని కూడా ప్రేమగానే తూస్తారు."

"అబ్బా! ఏమిటీ కోపం ఇవాళ? అసలు సంగతి చెప్పు. కుర్రాడికేమైనా అయిందా?"

"ఏమవుతుంది? ఏం కాలేదు."

"ఒడాలిస్."

"ఏం కాలేదంటున్నానుగా."

"నా మొహం చూసి చెప్పు."

"పొద్దున చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకున్నాడు."

"భుజమా?"

"చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నానమ్మా, పట్టేసింది అంటాడు. రుఫీనో అచ్చం ఇదే మాట అనేవాడు. ఇదే మాట, ఇదే గొంతు. ఇప్పుడు నువ్వు పేరు చెప్తావు, వీధి వీధంతా వాడి మీద కాస్తుంది, వాడు ఆడకుండా ఎలా కూర్చుంటాడు? వాళ్ళ నాన్న కూర్చున్నాడా? మీ అందరి డబ్బూ పోతుందనే కదా ఆ చేత్తో వెళ్ళి బంతి వేశాడు!"

"అదేమిటి? ఎవరన్నారు అలాగని?"

"ఎవరో అనడమెందుకు? నాకు తెలుసు. మిమ్మల్నందర్నీ చర్చిలో చూసినప్పుడల్లా కడుపులో తిట్టుకుంటూనే ఉన్నాను, ఇంతకాలం."

"డబ్బు పోవడమేమిటే పిచ్చిదానా! ఇక్కడ టికెట్ మీద ఇద్దరు పిచర్ల పేర్లూ ఉంటాయి. పేరున్నవాడు మొదటి బంతి వేస్తేనే పందెం. వెయ్యకుండా కూర్చున్నాడా, పందెమే లేదు. ఎవరి డబ్బు వాళ్ళ చేతిలో పెట్టేస్తారు."

"పోదా?"

"ఒక్క పెసో పోదు. ఆనెల్ నొప్పిగా ఉందని కూర్చున్నాడే అనుకో, మేం ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాం. అంతే."

"ఆనాడు కూడా అంతేనా?"

"ఆనాడు కూడా అంతే. నీకు తెలీదా?"

"నాకేం తెలుసు ఈ పందేల గోల! నేనెప్పుడైనా ఆడితే కదా... మరి ఆయన ఎందుకు వేశాడు? ఎవరి డబ్బూ పోకపోతే ఆయనెందుకు వేశాడన్నా?"

"అదే నన్నూ తినేస్తోంది. ఆ రోజు పొద్దున్నే ఇక్కడికొచ్చాడు. ఇదిగో, ఇక్కడే కూర్చున్నాడు. చెయ్యి పైకి లేవట్లేదు. కాఫీ ఎడమచేత్తో పట్టుకున్నాడు. నేను చెప్పాను ఒడాలిస్, మా అమ్మ మీద ఒట్టు, చెప్పాను. వెళ్ళి మేనేజరుతో చెప్పి కూర్చో, మా డబ్బు మాకొస్తుంది, నీ చెయ్యి నీకుంటుంది అన్నాను."

"ఏమన్నాడు?"

"ఒకటి అడిగాడు."

"ఏమని?"

"నేను కూర్చుంటే అవతలి జట్టు మీద కాసినవాళ్ళ టికెట్టు కూడా చెల్లదా, అని. చెల్లదు, రెండు పక్కలా రద్దే అన్నాను. ఒక్క బంతి వేస్తే? అన్నాడు. ఒక్కటి పడితే చాలు, ఇక టికెట్టు బతికినట్టే అన్నాను. అయితే వెయ్యాలి అని లేచాడు. కాఫీ అలాగే వదిలేసి పోయాడు."

"అలాగే అన్నాడా? వెయ్యాలి అనే అన్నాడా?"

"అదే మాట. నిద్రపట్టనప్పుడల్లా ఈ వీధిలో ప్రతి ఇంటికీ మనసులో వెళ్ళొస్తాను. రుఫీనోకి ఎదురు కాసేవాడెవడు ఇక్కడ? తాగుబోతు ఫెర్మిన్ కూడా కాయడే! ఎవడి టికెట్టు బతికించడానికి పోయాడు ఈ మనిషి? ఏయ్, ఏమిటలా తెల్లబోయావ్? మంచినీళ్ళు తెమ్మనా?"

"మందుసీసా."

"ఏం మందు?"

"భుజానికి రాసే తైలం. రోజూ నేనే రాసేదాన్ని. ఆ చెయ్యి లోపల ఏదో అయిపోయిందని మీకెవరికీ తెలీదు, నాకొక్కదానికే తెలుసు. వేళ్ళకి తగిలేది. ఆ రోజు పొద్దున పిల్లాడు ఏడిస్తే వాడి దగ్గరికెళ్ళాను. వచ్చేసరికి సీసా ఆయనే తీసి రాసుకుంటున్నాడు."

"అయితే ఏమైంది?"

"సీసా కింద పెట్టానన్నా."

"ఏం పెట్టావ్?"

"ఆ ఏటి తుఫానుకి మా కప్పు లేచిపోయింది గుర్తుందా? వర్షమంతా మంచం మీదే. ఆనెల్‌కి ఆయాసం, గుండెలు ఎగిరెగిరి పడేవి. ఎవరినడిగినా వాళ్ళ కప్పూ లేదు..."

"ఒడాలిస్. సీసా కింద ఏం పెట్టావ్?"

"టికెట్టు."

"ఎవరి మీద?"

"ఎలాగూ ఓడిపోతాడు కదా అనుకున్నాను. ఆ చేత్తో గెలవలేడని తెలుసు కదా నాకు. ఓడిపోయే ఆట నుంచి పిల్లాడికి ఇంత కప్పయినా మిగలనీ అని... అవతలి పేట కొట్లో, మా చెల్లెలి చేత కొనిపించాను."

"అమ్మా మేరీమాతా!"

"కూర్చుంటే రద్దవుతుందని నాకు తెలీదన్నా! ఒక్క బంతితో బతుకుతుందని నాకు తెలీదు! కొత్త రేకులు వచ్చాయి. మేస్త్రీ పైన మేకులు కొడుతుంటే, కట్టు కట్టిన చెయ్యి మెళ్ళో వేలాడేసుకుని, రెండో చేత్తో నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఇవి ఎక్కడివే అని అడగలేదు. చచ్చేదాకా ఒక్కసారి అడగలేదు. నేనేమో నా అదృష్టం అనుకున్నాను, చూసుకోలేదులే అనుకున్నాను!"

"ఊరుకో. ఊరుకో చెల్లీ. చేపే వింటాడు."

"విననీ! ఊరంతా విననీ!"

"ఆనెల్‌కి తెలుసా?"

"వాడికెలా తెలుస్తుంది? అప్పుడు ఇంతున్నాడు."

"తర్వాత పెద్దాడయ్యాడు కదే. తండ్రితో పడవలో వెళ్తుండేవాడు కూడాను. సముద్రం మీద వాళ్ళిద్దరే. ఏం మాట్లాడుకునేవాళ్ళో."

"మాట్లాడుకునేవాళ్ళా? ఆయనా? ఆయన ఎవరితోనూ... అన్నా."

"ఏమిటి?"

"అన్నా, ఆగు. ఆగు. నన్ను ఆలోచించుకోనీ."

"ఎవరిస్తో! నీ పేరొద్దు, నువ్వూ వద్దు! రేడియో పెట్టేశాను. మన కుర్రాడు వచ్చేశాడు మైదానం నడిమధ్యకి! చెయ్యి గిరగిరా తిప్పుకుంటున్నాడట!"

"ఒడాలిస్, లే. నీకు పుణ్యముంటుంది, లే! నా ఫోను తీసుకో. జట్టువాళ్ళు ఎవరైనా... వాణ్ణి కూర్చోమని చెప్పాలి, ఎవరిదీ ఏమీ పోదని చెప్పాలి! వింటున్నావా?"

"పొద్దున గడప దాటుతూ వాడు నన్నొకటి అడిగాడు. నవ్వుతూనే అడిగాడు."

"ఏమడిగాడు?"

"అమ్మా, ఈసారి ఎవరి మీద కాశావు, అన్నాడు."

"దేవుడా! నువ్వేమన్నావ్?"

"ఎగతాళికి అడిగాడనుకున్నాను. నేనూ నవ్వేసి, నీకెందుకురా, నువ్వెళ్ళి బంతి వెయ్యి, అన్నాను."