నేను చచ్చిపడ్డ ఎపిసోడ్

"గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, ప్రపంచం అంతమైపోయాక ఏం జరుగుతుందో చూపిస్తున్నారే ఆ సీరియల్, అందులో నాలుగో ఎపిసోడ్‌లో శవం నేనే," అన్నాను టీ కొట్టులో బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ. "డైరెక్టరు మా మేనకోడలు. అదిగో, టీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది. దానికిదే మొదటి అవకాశం. పేపర్లో సమీక్ష బాగుంటేనే ఇంకోటి ఇస్తామన్నారట."

"మామయ్యా, ఇవాళ్టి పేపర్ ఇంకా రాలేదా?"

"వస్తుందిలేమ్మా. ఎక్కడున్నాను? ఆ, శవం. కూలిపోయిన బస్టాండు సెట్టు, ఒళ్లంతా సిమెంటు దుమ్ము. నేను బి.ఏ.లో తత్వశాస్త్రం చదివినవాణ్ణి, చావు మీద పరీక్ష కూడా రాశాను, తప్పాననుకో, అది వేరే సంగతి. కెమెరా తిరగ్గానే ఊపిరి బిగబట్టాను. ఒక నిమిషం."

"ఒక నిమిషం నేనూ బిగబడతాను," అన్నాడు పక్కన కూర్చున్న దర్జీ.

"విను మరి! నిమిషం కాస్తా అయిదైంది, పదకొండైంది. ఒక చీమ నా ముక్కులో కుడివైపు దూరి ఎడమవైపు నుంచి వచ్చి, దారి బాగుందని చుట్టాలందర్నీ వెంటబెట్టుకొచ్చింది. నేను కదిలితేనా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? డాక్టరొచ్చి నాడి చూసి, కళ్లజోడు తీసేశాడు. నాడి నేనే ఆపేశానయ్యా! అక్కడికక్కడే మరణ ధ్రువీకరణ పత్రం రాసిచ్చేశారు. అది పట్టుకుని ఇంటికెళితే, అన్నం పెట్టాలా వద్దా అని మా ఆవిడ గంటసేపు ఆలోచించింది."

"పెట్టిందా?" అంది టీ కొట్టావిడ.

"సగం పెట్టింది. ఇక విమర్శకులంటారా, బతికున్న నటులంతా ఈ శవాన్ని చూసి నేర్చుకోవాలన్నారు. ఏడు దేశాల పత్రికల్లో నా అరికాలి ఫొటో! ఉత్తమ శవానికి కొత్తగా బహుమతి పెడుతున్నారు. లేచొచ్చి పుచ్చుకోవచ్చా కూడదా అని కమిటీ రెండుగా చీలిపోయి..."

"ముందు మీరు లేవండి మాస్టారూ," అంది టీ కొట్టావిడ. "పొద్దుట్నుంచీ పేపర్ మీదే కూర్చున్నారు."

లేవక తప్పలేదు. మేనకోడలు నలిగిన పేపర్ లాక్కుంది. నేను ఖాళీ గ్లాసు అడుగుకేసి చూస్తూ నిలబడ్డాను.

"'అంతా బూడిదైన చోట ఒక ముసలావిడ డబ్బాలో మొక్కకి నీళ్లు పోస్తుంది. అక్కడ ఈ కొత్త దర్శకురాలు మన చేత కూడా రేపటి గురించి ఆలోచింపజేసింది. చాలా రోజులకి ఒక మంచి ఎపిసోడ్.'" మేనకోడలు పైకి చదివి, కళ్లు తుడుచుకుని నావైపు చూసింది. "ఇంకో వాక్యం ఉంది మామయ్యా. 'కుడివైపు మూడో శవం మాత్రం రెండుసార్లు ముక్కు గోక్కుంది.'"

దర్జీ నవ్వలేక బల్ల పట్టుకున్నాడు.

"చీమ దూరిందమ్మా," అన్నాను. "ఒకటే. నిజంగా ఒకటే. నా మూలంగా నీకు రెండో అవకాశం రాకుండా పోతుందేమోనని..."

అది చల్లారిపోయిన టీని ఒక్క గుక్కలో తాగేసింది. "శవం మీ వల్ల కాదు గానీ, ఈసారి బతికి బయటపడ్డవాడి వేషం వేద్దురుగాని."

"విన్నారుగా అందరూ!" అన్నాను మళ్లీ కూర్చుంటూ. "బతికుండడంలో నాకు డెబ్బై నాలుగేళ్ల అనుభవం."